ఫ్రిడ్జి వెనక వెచ్చన

"రేపు కూడా పిండి పొంగలేదంటే ఈ చలిపెట్టెను అంగడికే తిరిగి పంపించెయ్యల్ల. చెప్పేసినాను!" రంగమ్మాళ్ అవ్వ నడవలో నిలబడి కొడుకు మీద అరిచింది.

ఫ్రిడ్జి వచ్చి రెండు రోజులే. ఆ రెండు రోజులూ ఇడ్లీపిండి పొంగలేదు. ఇల్లంతా దానివల్లే చల్లబడిందని అవ్వ వాదన.

"మార్గళి నెల చలికి దాన్నంటే ఎట్లా అవ్వా?" మనవరాలు అలమేలు అడ్డుపడింది. నలుగురిలో నోరు విప్పే పిల్ల కాదు. కాని అమ్మ షుగర్ సూదిమందు ఆ ఫ్రిడ్జిలోనే ఉంది. పోయిన ఎండాకాలం తడి ఇసుక కుండలో పెట్టిన మందు చెడిపోయి అమ్మ ఆసుపత్రి పాలైంది. "అది చలిని పుట్టించదు. లోపలి వేడిని లాగి వెనక కమ్ముల్లోంచి బయటికి తోస్తుంది. మంట పెట్టే పనే లేదు, ఉన్న వేడినే మోసుకొస్తుంది. కావాలంటే వెనక ముట్టి చూడు."

"ఐస్ పెట్టె వెచ్చనంట! ఇస్కూల్లో ఇదేనా నేర్పించేది?" అవ్వ నవ్వింది. "నేను కలిపిన పిండి గుండిగను ఎవురూ కదిలించేది లే."

అమ్మ చిన్నత్తాయి గుమ్మం పట్టుకొని నిలబడింది. అవ్వ అటు చూడలేదు.

నాయన సీనప్ప తల గోక్కున్నాడు. "తెల్లారి చూస్తాం. పొంగకపోతే బండి మాట్లాడతాను."

దీపాలు పెట్టాక అవ్వ అలా నడుం వాల్చిందో లేదో, అలమేలు గుండిగను ఎత్తి ఫ్రిడ్జి వెనక ఆనించి పెట్టింది. చేతికి వెచ్చగా తగిలింది. తిట్లు తింటే తింటాననుకొని పోయి పడుకుంది.

తెల్లారేసరికి ఫ్రిడ్జి గురగురలాడుతోంది. గుండిగ మూత లేచిపోయి పిండి అంచు మీదుగా కారుతోంది.

"పొంగింది నాయనా! నేనే అక్కడ పెట్టినాను!" తన గొంతు అంత పెద్దదని అలమేలుకే తెలియదు.

సీనప్ప కమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. "అవునే, వెచ్చన! ఏమ్మా, ఉండనీనా?"

"ఉండనీ పో." అవ్వ కొంగు గట్టిగా చుట్టుకొని ముక్కు చీదింది.

నాయన అటు పోగానే అలమేలు ఎగిరి గంతేసింది. "చూస్తివా అవ్వా, ఫ్రిడ్జి వేడి!"

"మెల్లగా కూయవే, మీ నాయన వింటాడు. మీ అమ్మ మందుకు ఆ పెట్టె ఉండల్ల." అవ్వ పిండి మరకలంటిన కంబళి మడతపెడుతూ అన్నది. "నువ్వు పండుకోగానే పోయిన కరెంటు కోడికూతకు వచ్చింది. రాత్రంతా గుండిగకు కప్పింది నా కంబళి."