స్తెఫను తిన్న అన్నం

లింగమూర్తి మూత తీసేలోపే అన్నం గిన్నె మాయమైంది.

తలెత్తి చూస్తే అది స్తెఫను చేతిలో ఉంది. తెలంగాణ సమ్మె ముగిసి బొగ్గు గనులు మళ్ళీ తెరుచుకున్న రోజులవి. బెల్లంపల్లిలో తన గని మూతపడితే స్తెఫను బదిలీ మీద గోదావరిఖనికి వచ్చాడు. వచ్చి వారం కాలేదు, అప్పుడే ఇంత చనువు.

"తమ్మీ, నీ అన్నం నాకియ్యి. నా కూరలు నువ్వు తిను."

"గదేందన్నా? మీ ఇంట్ల బియ్యం లేవా?"

"ఉన్నయి. మీ ఇంటి అన్నం వాసన మంచిగొస్తున్నది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. గనిలో సద్ది విప్పినప్పుడు కూరలు పంచుకోవడం అందరికీ అలవాటే. అన్నం మాత్రం ఎవరిది వారిదే.

స్తెఫను ఆ గిన్నె పట్టుకుని బొగ్గు గోడ మలుపు చాటుకు వెళ్ళాడు. కాసేపటికి ఖాళీ గిన్నె తెచ్చిచ్చాడు. అందులో ఒక్క మెతుకు లేదు.

లింగమూర్తికి మిగిలింది స్తెఫను తెచ్చిన పాలకూర పప్పు, చిక్కుడుకాయ కూర, ఉడకబెట్టిన గుడ్లు. ఆకలి మీద ఉన్నాడు గనుక తిట్టుకుంటూనే తిన్నాడు.

అసలు అతని దిగులు వేరు. గమ్ బూటులో నానీ నానీ కాలి వేలికి పుండు పడింది. ఎన్నాళ్ళైనా మానలేదు. దవాఖానలో డాక్టరు షుగరని తేల్చి, మాత్రలు రాసి, గట్టిగానే చెప్పాడు.

"అన్నం తగ్గించు. బెల్లం, బేకరీ సరుకు, కూల్ డ్రింకులు పూర్తిగా మానెయ్. కూరలు, పప్పులు, గుడ్లు కడుపునిండా తిను. ఈ పుండు మానకపోతే వేలు తీసెయ్యాల్సి వస్తుంది."

లింగమూర్తి మాత్రలైతే మింగాడు. మిగతా మాటలు చెవికెక్కించుకోలేదు.

"బొగ్గుబాయిల దిగేటోనికి అన్నం లేకుంటే బలమెక్కడిది?" అన్నాడు భార్య శోభతో.

"బెల్లమన్న బంద్ చెయ్యి."

"బెల్లం తినకుంటే గొంతుల బొగ్గు దుమ్ము ఎట్ల పోతది?"

గనిలో దిగేవాళ్ళలో చాలామందిది అదే నమ్మకం. షిఫ్టు అయిపోగానే బెల్లం గడ్డ నోట్లో పడాలి. ఆపైన బస్టాండు బేకరీలో పఫ్, కూల్ డ్రింకు.

షుగరు సంగతి మాత్రం తోటివాళ్ళ దగ్గర దాచాడు. తెలిస్తే కింది పనికి పనికిరాడని పైన కూర్చోబెడతారని భయం. ఒకసారి బూట్లు విప్పుతుంటే స్తెఫను చూపు అతని కాలి కట్టు మీద పడింది.

"బూటు కరిసిందన్నా," అన్నాడు లింగమూర్తి గబుక్కున.

ఆ మర్నాటి నుంచే ఈ అన్నం దోపిడీ మొదలైంది.

రోజూ అదే తంతు. అన్నం పోయేది, కూరలు వచ్చేవి. షిఫ్టు అయ్యాక లింగమూర్తి జేబులోని బెల్లం కూడా స్తెఫను చెయ్యి చాచి అడిగి తీసుకునేవాడు. తోటి కార్మికుడు పోశం అతనికి 'ఆశపోతు స్తెఫను' అని పేరు పెట్టాడు. ఆ పేరు గనంతా పాకింది.

"ఇంకింత అన్నం ఎక్కువ పెట్టనా?" అడిగింది శోభ.

"వద్దు. ఎంత పెట్టినా ఆ ఆశపోతే తింటడు. కూర ఎక్కువ పెట్టు. అన్నం పిడికెడు చాలు."

కోపంతో అన్న మాటే కానీ, అది అతనికే అలవాటైపోయింది. ఇంట్లో కూడా పళ్ళెంలో కూర పెరిగింది, అన్నం తగ్గింది. మధ్యాహ్నం కళ్ళు మూతలు పడటం పోయింది. పైకి ఎక్కివస్తుంటే ఆయాసం లేదు. కడుపు నిండుగా ఉండటంతో బేకరీ వైపు కాళ్ళు లాగడం మానేశాయి. బెల్లం లేకపోయినా గొంతు బాగానే ఉంది.

అలా కొన్ని నెలలు గడిచాక స్తెఫనుకు కొత్తగూడెం బదిలీ అయింది. అందరూ చాయ్ తాగించి సాగనంపారు.

"అక్కడ ఎవని సద్ది గుంజుకుంటవే అన్నా? వాళ్ళకు ముందే ఫోన్ చేసి చెప్పాల్నా?" అన్నాడు లింగమూర్తి అందరి ముందూ.

అందరూ పగలబడి నవ్వారు. స్తెఫను కూడా నవ్వి, అతని భుజం తట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు దవాఖానలో డాక్టరు కట్టు విప్పి చూశాడు. పుండు పూర్తిగా మానింది. రక్తపరీక్ష కాగితం చూసి ఆయన ముఖం విప్పారింది.

"వేలు దక్కింది లింగమూర్తీ. ఇట్లాగే తిను. మాత్రలు మాత్రం ఆపొద్దు."

లింగమూర్తికి గాల్లో తేలినట్టుంది. ఆశపోతైతేనేం, ఆ మనిషి పుణ్యాన తనకు తెలియకుండానే మేలు జరిగింది. అందరి ముందూ అంత మాట అన్నందుకు మనసు చివుక్కుమంది. ఒక మంచి మాట చెప్పి వద్దామని అటునుంచి అటే స్తెఫను క్వార్టరుకు వెళ్ళాడు.

స్తెఫను భార్య సుగుణమణి సామాన్లు మూటలు కడుతోంది.

"అక్కా, అన్న లేడా?"

"పొద్దుగాల బస్సుకే పోయిండు. రేపు అక్కడ డ్యూటీల చేరాలె. నువ్వెవరు?"

"లింగమూర్తిని. అన్నతోని పనిచేసేటోణ్ణి."

ఆమె ముఖం వెలిగిపోయింది.

"మా కోళ్ళకు రోజూ అన్నం పంపే లింగమూర్తివి నువ్వేనా? నీ పేరు చెప్పుకుంట డబ్బ నింపుకొచ్చేటోడు. ఆ కోళ్ళు పెట్టిన గుడ్లు నీకే ఉడకబెట్టమనేటోడు తమ్మీ."

లింగమూర్తికి అర్థం కాలేదు.

"కోళ్ళకా? అన్న తినలేదా?"

"ఆయనెక్కడ తింటడు? బెల్లంపల్లిల షుగరుకు కాలి వేళ్ళు రెండు తీసేసిండ్రు, అప్పటి సంది మా ఆయన అన్నం ముట్టడు."