నాకు వదిలిన వరుసలు

2016 జూలై 24న నా భార్య యశోదా నేనూ ఒకే కాల్చిన మొక్కజొన్న కంకి తిన్నాం. పర్ణశాల దాటాక అడవిలో, జోరువానలో, అందరూ రాక్షసగుడి అనే పాతకాలపు రాతి సమాధి కింద కూర్చున్నాం. తను ఒక వరుస తిని, పక్క వరుస నాకు వదిలేది.

తను పోయాక ఏటా ఆ రోజున వచ్చి, ఆ బండ కింద ఒక కంకి పెడతాను. రాత్రికి దగ్గర్లోని గూడెంలో ముత్తక్క తన ఇంట్లో చోటిస్తుంది. భర్త పగిడయ్య చనిపోయినా, వస్తాడేమోనని ఆమె రాత్రిళ్లు తలుపు వేయదు. ఈసారి ఆయన కోసం తనూ ఒక కంకి పెట్టింది.

"యశోదమ్మ సంగతేమో గానీ సారూ, మా ముసలోడు గింజ ఇడ్వడు," అని నవ్వింది.

ఇల్లు చేరాక చూసుకుంటే కళ్లజోడు లేదు. ముత్తక్క టార్చి పట్టుకుని మళ్లీ నాతో వచ్చింది. కళ్లజోడు బండ కిందే తడవకుండా ఉంది, అదొక మేలు. పగిడయ్యకు పెట్టిన కంకి అలాగే ఉంది. నా కంకిలో మాత్రం ఎవరో వరుస విడిచి వరుస శుభ్రంగా తిన్నారు. నాకు వదిలే వరుసలను ఇంకెవరో కొరికారు. ప్రతి కాటు మధ్యలో ఒక గింజ మిగిలింది.

ముత్తక్క టార్చి దగ్గరగా పెట్టి చూసింది. "మా ఆయనకు ముందుపన్ను లేదు సారూ."

భయం వేయాల్సింది. నాకు కడుపు మండింది.

ఇంటికొచ్చాక ఆమె తల తుడుచుకోమని పొడి తువ్వాలు ఇచ్చింది. వాన తగ్గింది. బురదలో అడుగుల చప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఇద్దరివి.

ముత్తక్క నా వైపు చూసింది. నేను వద్దనలేదు. ఆమె చప్పుడు కాకుండా తలుపు వేసింది.