దేవమ్మకొచ్చిన జబ్బు

హలో, వినబడుతోందా అన్నలూ, అక్కలూ? ఆదోని నుంచి మాట్లాడుతున్నా. పొయ్యి మీద ఏమైనా ఉంటే కాస్త మంట తగ్గించి ఇటు రండి. పెద్ద కథేం కాదు.

పత్తి వ్యాపారి దామోదరం ఇంటి గడప దగ్గర నర్సు నాగవేణి నిలబడి ఉంది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. చేతిలోని చీటీలో పేరు చూసి, ఈ ఇంట్లో పనిచేసే దేవమ్మతో విడిగా ఒక్క మాట మాట్లాడాలని ఆమె అడిగింది.

“నా ఇంట్లో నాకు తెలీకుండా మాట్లాడే మాటలు ఏముంటాయమ్మా? ఈడనే సెప్పు,” అన్నాడు దామోదరం, ఉయ్యాల బల్ల మీద నుంచి లేవకుండానే.

అది దేవమ్మ సొంత విషయమని, ఆమెకు తప్ప ఇంకొకరికి చెప్పకూడదని నాగవేణి అంది. దామోదరం ఆమె సంచి వైపు చూశాడు. మొన్న మార్కెట్ యార్డులో జరిగిన క్యాన్సర్ పరీక్షల క్యాంపు బొమ్మ దాని మీద ఉంది. ఆ క్యాంపుకు రిబ్బను కత్తిరించింది ఈయనే. మెడలో దండ, చేతిలో కత్తెర, ఆ ఫోటో ఊళ్ళో అందరి ఫోన్లలోనూ తిరిగింది. ‘ఈ జబ్బు అంటుకునేది కాదు, సిగ్గుపడకుండా పరీక్ష చేయించుకోండి’ అని కూలి ఆడవాళ్ళకు మైకులో అరగంట చెప్పాడు. చెప్పి, ఇంటికొచ్చి తలస్నానం చేశాడు.

“అయితే ఆ రోగమే,” అని, దేవమ్మను కేకేశాడు.

దేవమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ పెరట్లో నుంచి వచ్చింది. వెనకాలే దామోదరం భార్య రాజేశ్వరమ్మ వచ్చి వంటింటి తలుపు పట్టుకుని నిలబడింది.

“క్యాంపులో పరీక్ష సేయించుకుంటివా నువ్వు?”

దేవమ్మ నోరు తెరిచింది. రాజేశ్వరమ్మ వైపు చూసింది. మళ్ళీ మూసుకుంది.

“నాకు నొప్పేమీ లేదు నర్సమ్మా,” అంది చివరికి.

“మొదట్లో నొప్పి ఉండదమ్మా. అదే దీని మోసం.”

ఇంత జరిగాక దాచి లాభం లేదని నాగవేణి మెల్లగా అంతా చెప్పింది. రొమ్ములో గడ్డ ఇంకా చిన్నదే. క్యాంపు డాక్టర్లు సూదితో కాస్త తీసి పరీక్ష చేశారు, అది మంచి గడ్డ కాదు. ఇప్పుడే కర్నూలు పెద్దాసుపత్రికి పోతే బాగయ్యే అవకాశం చాలా ఉంది. నానబెడితే చేయి దాటిపోతుంది. రేపు పొద్దున బస్సుకే పోవాలి, తోడుగా ఒక మనిషి ఉంటే మంచిది.

ఉయ్యాల ఆగింది. మైకులో మాట్లాడిన పెద్దమనిషి ఎక్కడికి పోయాడో తెలియదు. ఇక్కడున్నాయన మాత్రం తువ్వాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. ఈ చేతులతోనేనా పొద్దున నాకు రొట్టెలు తట్టింది అని దేవమ్మను అడిగాడు. పడక దులిపిందీ ఈ చేతులేనా అన్నాడు. శుభ్రం లేని బతుకులకు ఇట్లాంటి జబ్బులు రాక ఏమొస్తాయని తీర్పు కూడా తనే చెప్పాడు. డాక్టర్లు ఏళ్ళ తరబడి చదివేది ఎందుకో, ఈయన్ను అడిగితే సరిపోయేది.

“ఈ జబ్బుకు ఇల్లూ వాకిలీ తెలీదన్నా. మీ ఇంటి ఆడోళ్ళు గూడా ఒకసారి చూపించుకుంటే మంచిది,” అంది నాగవేణి.

“మాట సూసుకోని మాట్లాడమ్మా. మా ఇంటి ఆడోళ్ళు కూలోళ్ళ వరసలో నిలబడే రకం కాదు.”

తర్వాత వరసగా ఉత్తర్వులు వచ్చాయి. దేవమ్మ పెరట్లో విడిగా పెట్టుకున్న తన కంచం, గ్లాసు తీసుకుని ఇప్పుడే పోవాలి. బాగైనా మళ్ళీ రాకూడదు. ఆమె కడిగిన సామాన్లన్నీ బయట పారేయాలి. ఆమె నిలబడిన చోట పసుపు నీళ్ళు చల్లాలి. ఈ చివరి రెండూ రాజేశ్వరమ్మకు చెప్పాడు. ఆమె తలుపు వదల్లేదు, కదల్లేదు.

దేవమ్మ పెరట్లోకి పోయి కంచం, గ్లాసు తెచ్చుకుంది. కళ్ళ నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

“యాడికి పోదును సామీ? నేనుండే రూము గూడా మీదే కదా,” అంది.

“యాడికన్నా పో. ఆ జబ్బు ఉండే మనిషి ఒక్క రాత్రి గూడా నా ఇంట్లో పండుకోగూడదు.”

కనీసం కర్నూలు దాకా తోడు ఎవరినైనా పంపమని నాగవేణి బతిమాలింది. ఈ గడప దాటి దానికోసం ఒక్కరు కూడా పోరని దామోదరం తేల్చి చెప్పాడు. చెప్పి, భార్య వైపు తిరిగి, పసుపు నీళ్ళు ఇంకా తేలేదేమని కసిరాడు.

రాజేశ్వరమ్మ వచ్చింది. చేతిలో చెంబు లేదు. దేవమ్మ చేతిలోని కంచం, గ్లాసు తీసుకుని, లోపలికి పోయి, వంటింట్లో తమ సామాన్ల పక్కన పెట్టింది. తిరిగి వచ్చి గడప దాటి, బయట నర్సు పక్కన నిలబడింది. అప్పుడు మొగుడి ముఖంలోకి చూసి, గొంతు పెంచకుండా అంది:

“దేవమ్మ పేరు సెప్పి ఆ సూది పరీక్ష సేయించుకునింది నేను. ఈ రాత్రికి నేను యాడ పండుకోవల్లో సెప్పండి.”

ఇంక ఫోను పెట్టేస్తున్నా. ఇంట్లో ఆడవాళ్ళకు ఒకసారి వినిపించండి. ఆ తర్వాత, రిబ్బన్లు కత్తిరించే పెద్దమనుషులు ఏ గ్రూపులో ఉంటే ముందు ఆ గ్రూపుకే పంపండి.