కొక్కెం లేని కేబుల్

బ్యాంకాక్‌లో కంప్యూటర్ అంగళ్లన్నీ మూసేశాక, వైరోట్ తన కొట్లో పాత డిస్క్ ఒకటి, అందులోవన్నీ చెరిపేసి మళ్లీ అమ్ముదామని, మంచి కేబుల్ తగిలించాడు. వెంటనే తెరుచుకుంది. పాత గిరాకీ సుమాలీ పిన్ని దాన్ని తెచ్చి, చనిపోయిన కూతురి గొంతు అందులో ఉందని ఏడ్చిన రోజు, "డిస్క్ చచ్చిపోయింది పిన్నీ," అని కొత్తది అంటగట్టింది తనే. ఊడకుండా పట్టే కొక్కెం లేని చవక కేబుల్‌ని జిగురుతో నిలబెట్టి ఆమెకు అమ్మిందీ తనే. తప్పంతా వదులైపోయిన ఆ కేబుల్‌దే, డిస్క్‌ది కాదు.

ఆ పిల్ల పేరున్న ఫైలు కనబడగానే సిగ్గుతో కేబుల్ పీకేశాడు, కరెంటు తీగ కూడా లాగేశాడు. డిస్క్ టిక్కుటిక్కుమంటూనే ఉంది.

ఫోను మోగింది. సుమాలీ పిన్ని.

"బాబూ, ఈ వేళప్పుడు చేశానని తిట్టుకోకు. మా పిల్ల మాట్లాడుతోందిరా."

"ఎందులో పిన్నీ?"

"ఎందులోనా? కంప్యూటర్ కట్టేసే ఉంది నాయనా. డిస్క్ నిజంగా చచ్చిందా అని నిన్నే అడగమంటోంది."

జవాబు వినడానికన్నట్టు, బల్ల మీద డిస్క్ చప్పుడు ఆగింది.