పిల్లి చెవి మీది గడ్డ

“రిపోర్టు పంపి పదిహేను దినాలాయె, మీ ఇంటామె ఫోనుకు!” అన్నాడు పశువుల డాక్టరు. “చెమట గ్రంథి క్యాన్సర్. అప్పుడే చెవి కోస్తే బతికేది. ఇగ మెడకు పాకింది.”

గడ్డ ముక్కను పరీక్షకు పంపిన నాటి నుంచి పుండు పొడవు, వెడల్పు, రంగు తేదీల వారీగా రాసుకున్నాను. రిపోర్టు కోసం నా భార్య నర్మదను రోజూ అడిగాను. “ఇంకా రాలే” అనేది. ఆ మాటను నమ్ముతూనే వచ్చాను.

పిల్లిని ఒడిలో పెట్టుకుని, ఆటోలో నారాయణఖేడ్ బజారు దాటి ఇంటికి చేరాను.

“ఎందుకు దాచినవ్ నర్మదా? నేనేం పాపం చేసిన నీకు?”

ఆమె ఫోను నా చేతిలో పెట్టింది.

“రెండు రిపోర్టులు ఒక్కదినమే వచ్చినయ్. దానిదొకటి, నా సంకల గడ్డదొకటి. రెండు పరీక్షలు నీకెరుకే, నువ్వు దినాం పిల్లిదే అడిగినవ్.”