యంత్రానికి బొట్టు

మా ఉప్పాడ సముద్రపు గట్టుకి మళ్లీ గండి పడింది. నెదర్లాండ్స్‌తో ఒప్పందంలో వచ్చిన, రాళ్లు పేర్చే యంత్రం ఆ రోజే మొదటిసారి నీళ్లలోకి దిగాలి. దాన్ని దూరం నుంచే నడిపే మార్లైన్ మాత్రం వాళ్ల దేశంలో, తన వంటింట్లోనే కూర్చుని ఉంది.

కొత్త పడవని బొట్టు పెట్టకుండా మేం నీళ్లలోకి దింపం. మా అత్త నూకరత్నం యంత్రానికీ పసుపు రాసి, నుదురనుకుని కెమెరా అద్దం మీద ఇంత కుంకం అద్దేసింది.

"నాకేం కనపడటం లేదు, తుడవండి!" మార్లైన్ మాటని యంత్రం తెలుగులో వినిపించింది.

"పెట్టిన బొట్టు తుడిచేత్తారేటి?" అత్త కసిరింది. పోటు మా గడప దాకా వచ్చేసింది. "నే సెప్తాను, నువ్వు నడు. పొగమంచులో మా ఆయన పడవని ఇలాగే కేకేసి ఒడ్డుకి తెచ్చేదాన్ని."

కుడికి, ఎడమకి, ఆగాగు అంటూ గొంతు పోయేదాకా అరిచింది. మార్లైన్ ఆ కేకల ప్రకారమే ఒక్కో రాయీ పేర్చుకుంటూ పోయింది. పొద్దుగూకేలోగా గండి పూడింది.

మరుసటేడు ఇంకో యంత్రం పంపారు. దాని కెమెరాకి పైన అరచేతంత చోటు నున్నగా, ఖాళీగా ఉంది.

"ఇదెందుకు?" అనడిగాను.

"మీ అత్తగారికి," అంది మార్లైన్.