సీమోను తీసిన కార్డు

“గట్టిగా సదవరా సీమోనూ!” అంది సండేస్కూలు టీచరు లీలారాణి, కార్డుల బుట్ట పట్టుకుని.

చర్చిలో కొత్త సంవత్సరం ఆరాధనలో ఎవరు తీసిన కార్డు మీది బైబిలు వాక్యం ఆ యేడాదికి వాళ్లది. జెడ్పీటీసీ సీమోను తన కార్డు చూసి నీళ్లు నమిలాడు.

“‘గవర్నమెంటు బడికి నిధులు తెస్తాను, రెండు గదులు కట్టిస్తాను.’ ఇది ఓట్లప్పుడు నేనన్న మాట కదా పిన్నీ!”

“ఆమెన్!” అంది సంఘమంతా.

“ఇది సెల్లదు. ఇంకోటి తీస్తాను.”

“తియ్యి నాయనా. ఏటొస్తాదో దేవుడి సిత్తం.”

రెండోదీ అదే. మూడోదీ అదే, చేతిరాత మాత్రం వేరు. చదివినప్పుడల్లా సంఘం ఆమెన్ అంటూనే ఉంది.

“బుట్టలో వాక్యమే లేదేటి పిన్నీ?”

“ఇవన్నీ బడి వరండాలో కూకుని సదూతన్న పిల్లలు రాసినవిరా. నీ వాక్యం నా సంచీలో దాచినాను. గదులు లేసినాక ఇస్తాను.”

ఈసారి సంఘం ఏమీ అనలేదు. ముందు వరసలో పిల్లలు సీమోను నోటివైపే చూస్తున్నారు.

“ఆమెన్,” అన్నాడు సీమోను, గొణుగుతున్నట్టు.

“గట్టిగా అనరా. ఎనకాలోళ్లకి ఇనపడాల!”